కోడి తిన్న విత్తనం

మొక్కజొన్న విత్తనానికి మందు పట్టించడంలో పెద్దోడి చెయ్యి పడితే తిరుగులేదని చుట్టుపక్కల పేరు. గింజల్ని కాస్త తడిపి, డబ్బాలో పోసి, ఎర్రమందు చల్లి, మూత బిగించి దొర్లించేవాడు. నీడన ఆరబెట్టాక ఒక గింజ ముక్కు దగ్గర పెట్టుకునేవాడు. ఘాటు నసాళానికి అంటితేనే పొలానికి పంపేవాడు. ఎవరి విత్తనమైనా వాసన చూడందే వదిలేవాడు కాదు.

ఈసారి మాత్రం చూడలేదు. అరచేతులు రెండూ దద్దుర్లతో పొక్కిపోయాయి. తమ్ముడే వచ్చి గింజల మూట భుజానికెత్తుకున్నాడు.

"ఆ చేతులతో మందు ముట్టుకుంటావా అన్నయ్యా? వదినకి నీకు అన్నం తినిపించే సరదా ఉందేమో అడుగు. నా గింజలతో పాటే నీవీ పట్టించేస్తాను."

సాయంత్రానికి ఎర్రగా నిగనిగలాడే గింజలు తెచ్చి గుమ్మంలో పెట్టాడు. తమ్ముడి చెయ్యి కదా, వాసన చూడటమేంటి అనుకున్నాడు పెద్దోడు. చూసి ఉంటే ఈ కథే లేదు.

అన్నదమ్ముల చేలకు మధ్య జానెడు గట్టు. ఒకే సంచిలో విత్తనం, ఒకే రోజు విత్తారు. పన్నెండో రోజుకి గట్టుకి అటు తమ్ముడి చేను దువ్వెన పళ్లలా లేచింది. ఇటు పెద్దోడిది పళ్లూడిన ముసలి నోరు. మొలవని చోట తవ్వి చూస్తే గింజలన్నీ పురుగు తొలిచిన డొల్లలు.

"నీ వైపు నేలలో చెమ్మెక్కువ అన్నయ్యా," అన్నాడు తమ్ముడు, పక్కనే గొంతుక్కూర్చుని. "మందేం చేస్తుంది పాపం."

పెద్దోడు నమ్మాడు. పైగా తన నేలనే తిట్టుకున్నాడు. ఖాళీల్లో మళ్లీ విత్తుదామని మిగిలిన గింజలు చేటలో పోసి అరుగు మీద పెట్టి, గునపం కోసం లోపలికెళ్లాడు. బయట భార్య కేక.

"అయ్యో, కోడి! మందు గింజలు మింగేసింది! ఇంక ఇది మనకి దక్కినట్టే!"

కోడిని గంప కింద మూశారు. చస్తే ఎక్కడ పాతాలో కూడా అనుకున్నారు. తెల్లారి గంప ఎత్తితే అది రెక్కలు టపటపలాడించి, గుడ్డు పెట్టి, ఊరంతా వినబడేలా కూసింది.

పెద్దోడు ఒక గింజ తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఘాటు లేదు. తడి వేలితో రుద్దాడు. ఎర్రమట్టి రంగు. పొలం పనుల్లేనప్పుడు తమ్ముడు గోడలకు వేసే రంగు.

"ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు," అంది భార్య. "మన కోడి పట్టేసింది."

అతను నవ్వలేదు. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టు, ముప్పై ఏళ్ల తమ్ముడు ఆ ఒక్క గింజలో డొల్లగా కనిపించాడు. అయినా మనసు ఒప్పుకోలేదు. పొరపాటేమో, వాడికే తెలియదేమో.

తమ్ముడి ఇంటికెళ్లాడు. తమ్ముడు గుమ్మంలో కూర్చుని పళ్లు తోముకుంటున్నాడు. వాకిట్లో కోళ్లు తిరుగుతున్నాయి. వసారాలో తమ్ముడికి మిగిలిన విత్తనం డబ్బా. పెద్దోడు ఏమీ మాట్లాడకుండా మూత తీసి, గుప్పెడు ఎర్ర గింజలు పట్టుకుని కోళ్ల వైపు చెయ్యి చాపాడు.

తమ్ముడు ఒక్క ఉరుకున వచ్చి మణికట్టు పట్టుకున్నాడు.

"అన్నయ్యా! చచ్చిపోతాయి!"

ఆ మాట నోరు దాటాక గానీ తానేం అన్నాడో అతనికి అర్థం కాలేదు. పట్టు సడలింది.

"నావి తిన్న కోడి గుడ్డు పెట్టిందిరా," అన్నాడు పెద్దోడు.

తమ్ముడు నేల చూస్తూ అన్నాడు. "కొట్లో ఒక్క పొట్లమే దొరికింది. చెరి సగం పట్టిస్తే రెండు చేలూ పోతాయని... నువ్వే కదా నేర్పావు, సగం మందు పట్టించడం దండగని."

"నేనే నేర్పాను. రంగెయ్యమని కూడా నేనే నేర్పానా?"

తమ్ముడు మణికట్టు వదిలేశాడు.

"ఒక్కటే దొరికిందని చెప్పుంటే, మొత్తం నీ గింజలకే పట్టించమనేవాణ్ణిరా."

గింజలు ఒక్కటి కూడా కింద పడకుండా డబ్బాలో పోసి మూత బిగించాడు. కుళాయి దగ్గరికెళ్లి, పొక్కుల మీద సబ్బు చురచురమంటున్నా, మందు ముట్టుకున్నవాడు కడుక్కోవాల్సినట్టే చేతులు మూడుసార్లు కడుక్కున్నాడు. తమ్ముడు తువ్వాలు అందించాడు.

పెద్దోడు చేతులు లుంగీకి తుడుచుకుని వెళ్లిపోయాడు.