మల్లక్క యాదిమరిచిన నిద్ర

పొద్దుగాల ఎనిమిదింటికి నాగరాజు కార్ఖానా నుంచి వచ్చేవరకు మమతారాణి పొయ్యి మీద చాయ్ పెట్టి, బీడీల చాట ఒళ్ళ పెట్టుకొని గడప కాడ కూసునేది. ఆయన వచ్చి, నెత్తి మీది దూదిపోగులు దులుపుకొని, చాయ్ తాగి, లోపలి అర్రల మెత్త మీద తల పెట్టేటోడు. పెట్టుడే గని నిద్ర వచ్చేది కాదు. బిడ్డ హర్షిణి పుట్టిన సంది రాత్రి డ్యూటీయే గని, నిద్ర దూరమై నాలుగేండ్లాయె. రాత్రంత ఎనిమిది సాంచాల నడుమ నిలబడి బట్ట నేసి వచ్చిన మనిషి కండ్లు మూస్తె చాలు, చెవులల్ల మళ్ళ ఆ సాంచాలే టకటక ఆడేటివి. ఇటు పక్కింట్ల నాలుగు సాంచాలు, అటు పక్కింట్ల ఆరు. సిరిసిల్లల ఆ గల్లీ పగలు గూడ నిద్రపోని గల్లీ.

డాక్టరు గోలీలు రాసిచ్చిండు. అవి మింగితె ఇంట్ల నిద్ర రాలే గని, సాంచాల కాడ తూలుడు మొదలైంది. పోయిన నెల సాంచల అటు ఇటు ఉరికే నాడె మార్చవోయి బొటనేలి గోరు మొత్తం ఊడగొట్టుకున్నడు. కార్ఖానా నడిపే ఆసామి సంపత్ చెడ్డోడు కాదు. "నాగన్నా, ఇంకోసారి గిట్లయితె చెయ్యే పోతది. ఈ నెల చూస్త. నీతోని కాకుంటె వేరేటోళ్ళను పెట్టుకుంట, కోపం జేస్కోకు" అన్నడు. నాగరాజుకు సాంచాలు నడుపుడు తప్ప ఇంకో పని రాదు. ఆ మాట ఇంట్ల చెప్పిన నాటి సంది మమత రోజు రెండు కట్టల బీడీలు ఎక్కువ చుట్టేది.

మల్లక్క గా దినాలల్లనే వచ్చింది. నాగరాజును కన్నతల్లికి అక్క ఆమె, ఖానాపూర్ల ఉంటది. వేములవాడ రాజన్నకు కోడె మొక్కు ఉండె. మొక్కు చెల్లించి, "చెల్లె కొడుకును చూడక ఎన్నొద్దులాయె" అని సిరిసిల్ల బస్సెక్కింది. రాంగనె మోకాలు వాచింది. ఒక్క దినం ఉందామనుకున్నది పన్నెండు దినాలు ఉండవలసి వచ్చింది.

డెబ్బై ఏండ్ల మనిషి గని ఊకె కూసునే మనిషి కాదు. కాలు చాపుకొని మమతకు బీడీల ఆకు కత్తిరించేది. చింతపండు గింజలు తీసేది. పక్కింటి ప్రవళిక పసిబిడ్డకు నూనె రుద్ది తానం పోసేది. నోరు మాత్రం ఒక్క నిమిషం ఆగేది కాదు. గని పండుకునే యాళ్ళ కాంగనె కిటికి కింద పాత చీరెల బొంత పరుచుకొని తల పెట్టిందంటె పెట్టినట్టే. రెండు దిక్కుల సాంచాలు మొత్తుకున్నా కదిలేది కాదు. పొద్దున లేస్తె ఆ మొఖంల పదేండ్లు తగ్గి కనిపించేది.

"ఎట్ల పంటవే పెద్దవ్వా గట్ల?" అని నాగరాజు ఒకనాడు అడిగిండు.

"మీ పెద్దబాపు పిలుస్తడు కొడుకా. పోవద్దా మరి?" అని నవ్వింది మల్లక్క. ఆమె పెనిమిటి అంకయ్య చచ్చిపోయి పదకొండేండ్లు.

పదమూడో నాడు వాపు తగ్గింది. తెల్లారంగ బస్సుకే పోయింది. మమత ఇల్లు సదురుతుంటె ముసలామె మరిచిపోయిన సామాన్లు ఒక్కొక్కటి దొరికినయి. కిటికిల చెక్క దువ్వెన. మూలకు సగం పిండిన మోకాళ్ళ మందు. దండెం మీద పచ్చ రైక. మూడింటిని ఒక కవర్ల పెట్టింది. బొంత మడుద్దామని వంగి అంచు పట్టిందో లేదో, రెప్పలు బరువై వాలినయి. ఇడిసిపెట్టి మళ్ళ చూసింది. బొంత నడుమ మనిషి పండుకున్నంత మేర సొట్ట అట్లనే ఉన్నది. చెయ్యి పెడితె వెచ్చగ తగిలింది. తోడుకున్న పెరుగు లెక్క జరంత వణికింది.

"అయ్యో, పెద్దత్త నిద్ర ఈడనే మరిచిపోయింది" అనుకున్నది మమత.

బిడ్డను సంకనేసుకొని వచ్చిన ప్రవళిక తొంగిచూసి, "పోయినసారి మా ఆడిబిడ్డ చార్జర్ మరిచిపోయింది. ఫోన్ చేసి చెప్పక్కా, ముసలామె పరేషాన్ అయితది" అన్నది.

మమత ఫోన్ చేతులకు తీసుకున్నది. గంతల నాగరాజు వచ్చిండు. కండ్లు రెండు ఎర్రగున్నయి. చాయ్ గూడ అడుగలే. లోపలి అర్ర దాక పోవుటానికి ఓపిక లేక, కిటికి కింద కనబడ్డ బొంత మీదనే ఒరిగిండు. ఒరిగినోడు ఒరిగినట్టే నిద్రపోయిండు.

మమత ఫోన్ పట్టుకొని అట్లనే నిలబడ్డది. పొయ్యి మీద చాయ్ మరిగి మరిగి సగమైంది. ఆయన నోరు జరంత తెరుసుకున్నది. ఎప్పుడు బిగబట్టినట్టుండే చేతివేళ్ళు విడివడ్డయి. పెండ్లయిన కొత్తల చూసిన మొఖం అది. ఇంత కాలం అది ఏడికి పోయిందో ఆమెకు ఎరుక లేదు. ఫోన్ గూట్ల పెట్టింది. ఇయ్యాల ఒక్కదినం అనుకున్నది.

పొద్దు వాలంగ లేచి, "అన్నం పెట్టవే, ఆకలైతున్నది" అన్నడు నాగరాజు. ఆ మాట గూడ ఆమె ఇని శానా దినాలైంది.

తెల్లారి మళ్ళ ఒక్కదినం అనుకున్నది. ఆ మర్నాడు గూడ. ఎన్నిసార్లు ఆయన పండుకొని లేచినా బొంతల సొట్ట తగ్గలే, వెచ్చదనం పోలే. ఆరో నాడు సంపత్ గల్లీల ఎదురుపడి, "వదినా, అన్నకు ఏం పెడుతున్నవో గని, నేసిన బట్ట తాను మొత్తం ఎతికినా ఒక్క పోగు తప్పు లేదు" అన్నడు. మమత నవ్వింది. ఇంటికి వచ్చి గూట్ల ఫోన్ ను బోర్ల తిప్పిపెట్టింది. అది మోగకముందే భయమైతుండె ఆమెకు.

నాగరాజుకు ఆ నిద్రల రోజు ఒకటే కల వచ్చేది. లేచినంక చాయ్ తాగుకుంట చెప్పేటోడు. "మక్కచేనే. మంచె మీద ఒక ముసలాయన, చేతుల వడిసెల. మొఖం సరిగ కనబడది. 'మల్లీ, మంచినీళ్ళు తెచ్చినవా' అంటడు. నేను నీళ్ళిస్త. ఇద్దరం కలిసి చిలుకలను ఎల్లగొడుతం. నేను సాంచాల ముచ్చట చెప్త, ఆయన ఇంటడు. మస్తు మంచిగుంటది." మమత ఆకు కత్తిరించుకుంట తల ఎత్తకుండ ఊకొట్టేది.

పదో నాడు ఆయన లేచి మంచిగ లేడు. బొంత మీదనే శానాసేపు కూసున్నడు.

"ఇయ్యాల ఆయన మంచె దిగిండు. నీళ్ళిస్తె తాగలే. తొవ్వ మొకాన చూసుకుంట నిలబడి, 'మల్లి ఎప్పుడొస్తది కొడుకా' అన్నడు." బొంత మీద చెయ్యి రాసి, పెండ్లాం దిక్కు చూసిండు. "మమతా, ఇది ఎవలి నిద్రనే?"

ఆమె చాట పక్కకు పెట్టింది. చెప్పుడు మొదలుపెట్టింది గని ఏడుపు ముందుగల్ల వచ్చింది. "పెద్దత్త మరిచిపోయింది. మొదటి దినమే చూసిన. నువ్వు పండుకుంటె చూడబుద్దయింది. గంతే. ఇంకేం అనుకోలే."

నాగరాజు తిట్టలే. "ఫోన్ చెయ్యి" అన్నడు.

అటుదిక్కు మల్లక్క గొంతు ఎండిపోయి ఉన్నది. "బిడ్డా, నా నిద్ర ఏడ్నో పోయిందే. బస్సుల జారిపడ్డదేమో అని డిపోల అడిగిచ్చిన. గొడుగులు, టిఫిన్ డబ్బలు ఉన్నయట, నిద్రయితె ఎవలు తెచ్చియ్యలేదట. మీ ఇంట్ల ఎతుకుమందామనుకున్న. పొద్దంత పని చేసెటోళ్ళు, మిమ్ముల నేనెందుకు పరేషాన్ చేసుడని ఊకున్న."

"ఈడనే ఉన్నది పెద్దత్తా. రేపు తెస్త" అని మమత ఫోన్ పెట్టేసింది. తర్వాత మొగని దిక్కు తిరిగి, "మరి నీకు?" అన్నది.

"నాలుగేండ్లల్ల ఎవలిచ్చిన్రే నాకు పది దినాల నిద్ర? ఆమె ఇచ్చింది. ఇచ్చిరా పో" అన్నడు నాగరాజు.

తెల్లారి బొంతను సొట్ట చెదరకుండ చుట్టి, నైలాను తాడుతోని కట్టి, కవరు ఇంకో చేతుల పట్టుకొని ఎల్లింది. వేములవాడల కోరుట్ల బస్సెక్కంగనె పక్కన కూసున్నామె ఆవులిచ్చి భుజం మీదికి ఒరిగింది. ముందు సీటాయన తల వాల్చిండు. కండక్టరు ఆధార్ కార్డు చూసి జీరో టికెట్ చింపి, మూట దిక్కు చూసిండు.

"ఏముందక్కా అండ్ల?"

"మా పెద్దత్త నిద్ర."

"జర ఎనక సీటుకు పో అక్కా. డ్రైవర్ దిక్కు గాలి కొడుతున్నది."

మమత లేచి ఎనకకు పోయింది. కోరుట్ల దాక ఎనక నాలుగు వరుసలు కమ్మగ పండుకున్నయి. ఇద్దరు దిగవలసిన ఊరు దాటిపోయిన్రు. మూట ఒళ్ళ పెట్టుకున్న మమత మాత్రం పండుకోలే. కండ్లు మూతలు పడుతుంటె చెయ్యి గిచ్చుకుంట, ఎర్రటి ఎండల కిటికిల నుంచి తల బయట పెట్టి కూసున్నది. మెట్‌పల్లిల ఇంకో బస్సు మారి, గోదావరి వంతెన దాటి, ఆమె ఖానాపూర్ చేరేవరకు పగటి రెండు దాటింది.

మల్లక్క వాకిట్ల మక్కకంకులు ఒలుస్తున్నది. కండ్లు గుంటలు పడ్డయి. అయినా కోడలును చూడంగనె లేచి నీళ్ళ చెంబు తెచ్చింది. మమత చెంబు అందుకున్నది.

"పది దినాలు ఎట్లున్నవ్ పెద్దత్తా?"

"ఎట్లుంట? నిద్ర లేకపాయె, ఊకె ఎందుకు కూసునుడని చేనుకు కావలి పోయిన. నాదొక్కటే కాదు, సుట్టుపక్క నలుగురి చేన్లు గూడ నేనే కాసిన. ఒక్క అడివిపంది రాలే. వాళ్ళంత ఇంట్ల మంచిగ పండుకుంటున్రు." చెప్పుకుంట నవ్వింది మల్లక్క.

ఆ నవ్వు చూసినంక మమతకు నీళ్ళు తాగబుద్ది కాలే. చెంబు కింద పెట్టింది. "పెద్దత్తా, మొదటి దినమే చూసిన నేను. ఫోన్ చేతుల పట్టుకొని గూడ చెయ్యలే. నీ కొడుకు దాని మీద పండుకున్నడు. లేపబుద్ది కాలే. తప్పయింది."

మల్లక్క బొంత మూటను దగ్గరికి గుంజుకొని దాని మీద చెయ్యి పెట్టింది. "పది దినాలు ఆయన ఒక్కడే ఉన్నడా గక్కడ?" అని అడిగింది.

"లేడు పెద్దత్తా. నీ కొడుకు రోజు పోయిండు. నీళ్ళిచ్చిండు. చిలుకలను కొట్టిండు. సాంచాల ముచ్చట చెప్తె ఇన్నడట."

"ఇంటడు. ముచ్చట చెప్పెటోడు దొరికితె ఆయనకు తిండి గూడ యాదికి రాదు" అని ముసలామె కొంగుతోని కండ్లు తుడుసుకున్నది. తాడు ముడి విప్పి, పందిరి నీడల బొంత పరుచుకొని ఒరిగింది. మమత పక్కన కూసుండి ఈగలు తోలింది. పండుకున్న మల్లక్క పెదవులు ఒకసారి ఎవలినో తిట్టినట్టు కదిలినయి. ఇంకోసారి నవ్వింది. గా వయసుల, గన్ని కష్టాలు చూసిన మొఖం మీద అంత నిండైన నవ్వు మమత ఎన్నడు చూడలే.

దీపాలు పెట్టే యాళ్ళకు మల్లక్క లేచింది. "ఆయన మస్తు కోపం మీద ఉండె, ఏడ వోయినవే ఇన్ని దినాలు అని. తర్వాత నీ మొగని సంగతే అడిగిండు. గా పిలగాడు రేపు రాడా అని."

మర్నాడు మమత బయలెల్లేటప్పుడు మల్లక్క తన పాత చీరె చెంగు అరచెయ్యంత చింపింది. బొంత నడుమ సొట్టల రెండు వేళ్ళు ముంచి, గిన్నెల నుంచి పెరుగు తీసినట్టు తీసి, ఆ పేలికల పెట్టి ముడి వేసింది.

"మొత్తం ఇయ్యలేను బిడ్డా, ఆయన ఉన్నడు గద. తోడుకు ఇస్తున్న. వాని మెత్తల పెట్టు. మొదలు కునుకంతనే వస్తది. ఫికర్ చెయ్యకు. లేపకు, కదిలియ్యకు. వాని సొంతది వానికి తోడుకుంటది."

పేలికను మెత్తల పెట్టిన మొదటి దినం ఏం కాలే. రెండో నాడు పావుగంట కునుకు పట్టింది. మమత బీడీల చాట గడపకు అడ్డంగ పెట్టుకొని కూసుండి, ఎవలు వచ్చినా వేలు పెదవుల మీద పెట్టేది. కూరగాయల బండాయన మైకు బందు పెట్టి గల్లీ దాటిండు. ఐదో నాడు పగటి పన్నెండు దాక పండుకున్నడు. రెండో వారంల పొద్దూకే దాక.

"కల ఏం వచ్చింది?" అని అడిగింది మమత.

నాగరాజు జరసేపు ఆలోచించి, "ఏమో, యాదికి లేదు" అని నవ్విండు. అది ఆయన సొంత నిద్ర అని ఆమెకు అప్పుడు నమ్మకమైంది.

తర్వాత నెల ఒక పగటీలి సంపత్ బండి మీద వచ్చిండు. "నాగన్నను లేపు వదినా. ఇద్దరు డ్యూటీకి రాలే. పగటి డ్యూటీ గూడ చెయ్యాలె."

ఇదివరకు గిట్ల ఎన్నిసార్లు పిలిచినా నాగరాజు పోయిండు. ఎట్లైనా మెలకువతోనే ఉండేటోడు గద. మమత చాట దించి లేచి నిలబడ్డది. "పండుకున్నడు. లేపను" అన్నది. ఆసామికి కాదని చెప్పుడు ఆమెకు అదే మొదలు. గడప మాత్రం ఇడువలే.

సంపత్ కిటికిల నుంచి లోపలికి చూసిండు. చూసినోడు కోపానికి రాలే. మెల్లగ వచ్చి గడప కాడ కూసున్నడు. ఆయన కండ్ల కింద నలుపును మమత అప్పుడే చూసింది.

"ముప్పై రెండు సాంచాలు వదినా" అన్నడు. "మా ఇల్లు కార్ఖానా పక్కపొంటే. తాళమేసినా చెవులల్ల బందు కావు. నాకు జరంత దొరుకుతదా?"

మమత లోపలికి పోయి, మొగడు కదలకుండ మెత్తల చెయ్యి పెట్టి రెండు వేళ్ళకు వచ్చినంత తీసింది. తన చీరె చెంగు చింపి ముడి వేసి, మల్లక్క చెప్పిన మాటలన్ని ఒక్కటి పోకుండ చెప్పి ఇచ్చింది.

పది దినాలైనంక నాగరాజు ఎప్పటి లెక్క టిఫిన్ పట్టుకొని రాత్రి డ్యూటీకి ఎల్లి, అరగంటల మర్లి వచ్చిండు. మమత గడప కాడికి ఉరికింది. "ఏమైంది?"

"కార్ఖానా బందున్నది. సంపత్ వాళ్ళవ్వ గేటు కాడ కుర్చీ వేస్కొని కూసున్నది. నా కొడుకు పండుకున్నడు, సాంచాలు నడిపితె లేస్తడు, పొద్దుగాల రాండ్రి అన్నది. ఇగ నుంచి మనకు పగటి డ్యూటీయే అట."

మమత ఆయన చేతుల నుంచి టిఫిన్ తీసుకున్నది. మూత తీసి మూడు పల్లాలల్ల సమానంగ పెట్టింది. బిడ్డ హర్షిణి ఏడో తరగతి చదువుతున్నది. మాపటి అన్నం బాపు పక్కన కూసుండి తినుడు ఆ పిల్లకు యాదున్న కాడికి అదే మొదలు.