ఆమె పేరు మీద వెళ్ళిన బిల్డు

ఆఫీసులో ఆమెను అందరూ పచ్చమ్మ అనేవాళ్ళు. చాటుగా కాదు, ఎదురుగానే. ఆమె కూడా నవ్వి ఊరుకునేది. అక్కడ తయారయ్యే యాప్ బయటికి పోవాలంటే ముందు ఆమె కంప్యూటర్లో నల్లటి తెర తెరిచి ఒక కమాండు కొట్టాలి. ఆ ఒక్క కమాండే ఫోనుకో యాప్, డెస్క్‌టాప్‌కో యాప్ తయారుచేసి, అంటే వాళ్ళ భాషలో బిల్డు చేసి, రెండింటికీ పరీక్ష మీద పరీక్ష పెట్టేది. అన్నీ నెగ్గితే చివర పచ్చ లైను. ఒక్కటి తప్పినా ఎర్ర లైను, అక్కడితో బండి ఆగిపోవాల్సిందే. ఎర్ర లైను వచ్చాక పెద్దసారు వచ్చి కాళ్ళావేళ్ళా పడ్డా ఆమె కరిగేది కాదు. "పచ్చగా రానివ్వండి సార్, క్షణంలో పంపిస్తా" అనేది. ఆ కమాండు ఆమె సొంతంగా రాసి, ఏళ్ళ తరబడి సాకి పెంచుకున్నది. ఇంట్లో ఉన్నా, బస్సులో ఉన్నా, లాప్‌టాప్ తెరిచి ఆఫీసు మెషిన్లోకి లాగిన్ అయి దాని మంచిచెడ్డలు చూసుకునేది.

యాప్ చేసే పని చిన్నదే. పెద్దవాళ్ళకు మాత్రల వేళ గుర్తుచేస్తుంది. ఫోను మోగుతుంది, మాత్ర వేసుకుని బొత్తాం నొక్కుతారు, వృద్ధుల కేంద్రంలో నర్సు కంప్యూటర్ మీద "వేసుకున్నారు" అని పడుతుంది. పడకపోతే నర్సు వెళ్ళి అడుగుతుంది. ఇందులో ఫోను మోగించే కోడు రాసినవాడు ఎవరనుకున్నారు? సాక్షాత్తూ ఆమె మొగుడే. ఇద్దరివీ పక్కపక్క బల్లలు. మనిషి చెడ్డవాడేం కాదు. మాటకారి, నలుగురినీ నవ్విస్తాడు, పిల్లంటే ప్రాణం. ఒకటే జబ్బు. తప్పు తనదన్న మాట అతని గొంతు దాటి బయటికి రాదు. అతను చూస్తుండగా పాలు పొంగిపోయినా తప్పు పొయ్యిదే.

కొత్త యాప్ బయటికి పంపే రిలీజు నాడు ఆమె కమాండు కొట్టేసరికి ఎర్ర లైను వచ్చింది. చూస్తే, ఫోను తెర ఆరిపోయి ఉంటే మాత్రల వేళకు మోగడమే లేదు. అది చాలదన్నట్టు, మోగకపోయినా నర్సు తెర మీద "వేసుకున్నారు" అని పడుతోంది. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే. సరిగ్గా అప్పుడే బడి నుంచి ఫోను, కూతురు బుజ్జికి ఒళ్ళు జ్వరంతో కాలిపోతోందని.

"ఇది నీ కోడులో తప్పు. సరిచెయ్యి. నేను పిల్లని డాక్టరుకి చూపించి వస్తా," అంది బ్యాగు భుజాన వేసుకుంటూ.

"నువ్వెళ్ళు, నువ్వెళ్ళు. సరిచేసి, నీ మెషిన్లో నేనే నడిపిస్తాలే."

పాస్‌వర్డు అతనికి తెలుసు. మొగుడూపెళ్ళాల మధ్య పాస్‌వర్డు దాపరికం ఏమిటి అనుకునేది పిచ్చిది. ఆమె ఆసుపత్రిలో వరసలో కూర్చుని ఉంటే, ఒళ్ళో పిల్ల మూలుగుతుండగా, అతను ఫోను చేసి "అంతా పచ్చ! పంపించేశా," అన్నాడు. అమ్మయ్య అనుకుంది. ఆ రోజు ఆ మొగుణ్ణి తలుచుకుని ఎంత మురిసిపోయిందో చెప్పలేను.

ఆ తర్వాత ఆమె ఎన్నిసార్లు కమాండు కొట్టినా పచ్చ లైనే వచ్చింది. వారం తిరిగేసరికి వృద్ధుల కేంద్రం నుంచి కబురు. ఒక పెద్దాయనకు రోజుల తరబడి బీపీ మాత్రలు పడలేదట. నర్సు తెర మీద మాత్రం రోజూ "వేసుకున్నారు" అనే ఉంది. కళ్ళు తిరిగి మెట్ల మీద పడ్డాడు, తుంటి ఎముక విరిగింది.

ఆమె నల్ల తెర తెరిచి, తన కమాండును మొదటినుంచీ చదువుకుంటూ పోయింది. చివర కొత్తగా ఒక తోక తగిలించి ఉంది. మధ్యలో ఎన్ని పరీక్షలు తప్పినా పైకి చూపించకు, ఆఖరున మాత్రం పచ్చ లైను వెయ్యి అని ఆ తోక అర్థం. ఆ తోక తీసేసి నడిపిస్తే తెరంతా ఎర్రబడిపోయింది. ఆ మార్పు చేసినవాళ్ళ పేరు చూసింది. తన పేరే. తన లాగిన్‌తో చేసిన మార్పుకు మరి ఇంకెవరి పేరు ఉంటుంది?

మొగుణ్ణి మెట్ల దగ్గరికి లాక్కెళ్ళింది. "ఏంటిది?"

"మెల్లగా మాట్లాడు. పెద్దసారు నెత్తి మీద కూర్చున్నాడప్పుడు. ముందు పంపించేసి తర్వాత సరిచేద్దామనుకున్నా. మర్చిపోయా."

"అక్కడ ఒక ముసలాయన ఎముక విరిగింది, తెలుసా?"

"తెలుసులేవే! నాకు మాత్రం బాధ లేదా?"

"అయితే మీటింగులో ఈ మాటే చెప్పు. నేను చేశానని చెప్పు, చాలు. నాకింకేం వద్దు."

"చెప్తానులే. మరీ అంత వెధవలా కనిపిస్తున్నానా?" అని ఆమె భుజం తట్టాడు. ఆమె నమ్మింది. నమ్మక చస్తుందా, కట్టుకున్నవాడాయె.

మీటింగులో పెద్దసారు, వృద్ధుల కేంద్రం నుంచి వచ్చిన హెడ్ నర్సు, వీళ్ళిద్దరూ. గోడ మీద తెర, తెర మీద ఆ తోక, దాని పక్కన ఆమె పేరు. "ఇదేంటమ్మా?" అన్నాడు పెద్దసారు. పచ్చమ్మ అనలేదు. ఆమె మొగుడి వైపు చూసింది. అతను కుర్చీ వెనక్కి జరిపి లేచాడు. హమ్మయ్య, లేచాడు అనుకుంది ఆమె. అప్పుడు ఆమె గుండెలో ఉన్నది ప్రేమే, అబద్ధమెందుకు చెప్పాలి.

అతను రెండు చేతులూ జోడించాడు. "సార్, మా ఆవిడ తరఫున నేను క్షమించమని అడుగుతున్నా. ఆ రోజు పాపకు ఒళ్ళు కాలిపోతోంది. ఏం చేస్తోందో తనకే తెలియని పరిస్థితి. శిక్ష ఏదైనా నాకు వెయ్యండి, తన ఉద్యోగం మాత్రం తియ్యకండి."

చెంప మీద కొడితే ఇంతకంటే నయంగా ఉండేది. ఆమె లేచి నిలబడింది. "నేను కాదు సార్, చేసింది ఈయనే. నేను అప్పుడు ఆసుపత్రిలో ఉన్నా."

అతను ఆమె వైపు ఎంత జాలిగా చూశాడని! "అక్కణ్ణుంచే లాగిన్ అయింది సార్, పిల్లని ఒళ్ళో పెట్టుకుని. తను ఎక్కడున్నా పని చేస్తుందని మీకు తెలుసుగా. వారం నుంచి కంటి మీద కునుకు లేదు. ఆ ముసలాయన సంగతి విన్నప్పటి నుంచీ ఇదిగో, ఇలాగే మాట్లాడుతోంది."

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇక పెద్దసారెంత? "అమ్మా, ఇలాంటి భర్త దొరకడం మీ అదృష్టం. ఆయన మీదే నెడితే ఎలాగమ్మా? ఇంటికెళ్ళి విశ్రాంతి తీసుకోండి. బిల్డు సంగతి ఇకనుంచి ఆయన చూసుకుంటారు," అన్నాడు. హెడ్ నర్సుకు ఈ పంచాయితీ ఏదీ పట్టలేదు. "మీలో ఎవరు చేశారో నాకు అనవసరం. అందరి దగ్గరికీ వెళ్ళి అడగడానికి నా దగ్గర మనుషులు లేరు. సాయంత్రం మాత్రల వేళకి ఫోన్లు మోగాలి," అంది.

మధ్యాహ్నానికి అతనే ఆమెను ఇంటికి తీసుకొచ్చాడు. దారిలో "ఉద్యోగం నిలబెట్టాను కదా, ఇంకా ఆ మొహమేంటి?" అన్నాడు. "తప్పు నీదైతే మందలించి వదిలేస్తారు, నాదైతే పీకేస్తారు. ఇద్దరం రోడ్డున పడేకంటే ఇది మేలు కాదూ?" అని కూడా అన్నాడు. అంతా ఆలోచించే చేశాడన్నమాట. ఆమె కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.

ఇంటికొచ్చి అతను తన లాప్‌టాప్ తెరిచాడు. ఒక చోట సరిచేస్తే ఇంకో రెండు చోట్ల ఎర్రబడుతోంది. ఆమె రాసుకున్న ఆ కమాండు అతనికి ఒక ముక్క అర్థమైతే ఒట్టు. వంటింటి గుమ్మంలో నిలబడి అతని వెనకనుంచి ఆమె అంతా చూస్తోంది. తప్పెక్కడుందో అక్కణ్ణుంచే కనిపిస్తోంది. చావనీ అనుకుంది. ఈ ఒక్కసారి మునగనీ, వీడి బండారం బయటపడనీ అనుకుంది.

"ఒసేయ్, కాస్త వచ్చి చూడవా? సాయంత్రం అయిపోతోంది," అన్నాడు తల తిప్పకుండానే.

సాయంత్రం అయిపోతోంది, నిజమే. ఆ కేంద్రంలో ఎంతమంది ఫోను మోగుతుందని నమ్ముకుని మంచాల మీద కూర్చుని ఉన్నారో. వీడు మునిగితే వాళ్ళూ మునుగుతారు. ఆమెకు ఏడుపొచ్చింది, వీడి కోసం కాదు. వెళ్ళి కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది. ఆమె చెబుతుంటే అతను టైపు చేశాడు. కాసేపటికి అతని చేతిలోంచి కీబోర్డు లాక్కుని తనే కొట్టింది. లాగిన్ అతనిదే, మార్పు మీద పడే పేరూ అతనిదే. ఒక్కొక్క ఎర్ర లైనూ పోయింది. ఇంట్లో ఉన్న పాత ఫోనులో ఎక్కించి, తెర ఆర్పి చూస్తే, అది గట్టిగా మోగింది. పంపించేసింది.

కాసేపటికి పెద్దసారు ఫోను చేశాడు. అక్కడ ఫోన్లన్నీ మోగుతున్నాయట, హెడ్ నర్సు కూడా మెచ్చుకుందట. అతను నవ్వుతూ, "ఏదో సార్, మీ అభిమానం," అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "మా ఆవిడా? పడుకుంది సార్. తనకి కొంచెం టైము పడుతుంది, పాపం," అన్నాడు.

ఆమె అతని పక్కనే కూర్చుని ఉంది. వేళ్ళు ఇంకా కీబోర్డు మీదే ఉన్నాయి.