ఇరవై ఎనిమిది బళ్లకు చార్జింగ్

ఫోను పట్టుకోవడం చేతకానివాడికి ఫోను, బండి తోలడం చేతకానివాడికి బండి, ఈ రెంటినీ కలిపే తీగ మాత్రం తను వెయ్యాలి. తన వృత్తి గురించి ఉస్తా గునైమ్ అభిప్రాయం ఇదీ. మేస్త్రీని ఉస్తా అని పిలిచే అలెగ్జాండ్రియాలో, లబ్బాన్ వీధి మలుపున ఇరవై రెండేళ్లుగా మోటారుసైకిళ్లకు కరెంటు పని చేస్తున్నాడు. ఇన్నేళ్లలో తన కొట్టు ముందు ఆగినవాళ్లలో బుర్ర ఉన్నవాళ్లు ఎందరని అడిగితే, లెక్కపెట్టడానికి ఒక చేతివేళ్లు ఎక్కువనేవాడు. ఆ వేళ్లలో ఒకటి తనది.

ఎదురు కొట్టు సర్వత్‌ది. ఆ ఊళ్లో కళ్లద్దాలు పెట్టుకున్న ప్రతివాణ్నీ మర్యాదకి 'ఇంజనీరు గారూ' అంటారు. సర్వత్ నిజంగానే ఇంజనీరింగ్ చదివాడు కాబట్టి, ఆ పిలుపు తన ఒక్కడి సొత్తనుకుని, పట్టాకి అద్దం కట్టించి గోడకి తగిలించాడు. గోడ పగులు కనపడకుండా చేసింది తప్ప ఆ పట్టా వల్ల ఎవరికీ ఒరిగిందేం లేదని గునైమ్ లెక్క.

అన్‌ఫూషీ పేటలో చేపల హోటలు నడిపే, హజ్ చేసొచ్చిన హాజ్జా ఇన్‌షిరాహ్ అక్టోబరు చివర్లో ఇద్దర్నీ పిలిపించింది. ఆమెకి ఇరవై ఎనిమిది డెలివరీ బళ్లున్నాయి. మధ్యాహ్నానికల్లా కుర్రాళ్ల ఫోన్లు చచ్చిపోతున్నాయి. ఫోను చస్తే చిరునామా దొరకదు, చిరునామా దొరక్కపోతే వేయించిన చేప చల్లారి తిరిగొస్తుంది.

"ప్రతి బండికీ చార్జింగ్ సాకెట్ కావాలి. చెరో బండికి బిగించండి. రేపు పొద్దున్నించి తిరుగుతాయి. సాయంత్రం ఆరింటికి ఇక్కడికి రండి. ఎవరి పని నిలిస్తే మొత్తం వాళ్లకే" అంది.

"ఆరింటిదాకా ఎందుకు హాజ్జా? ఇంజనీరు గారి పట్టా చూసి ఇచ్చెయ్యండి. కావాలంటే గోడతో సహా మోసుకొస్తాడు" అన్నాడు గునైమ్.

సర్వత్ అద్దాలు తుడుచుకున్నాడు. "చదువుకోనివాళ్లతో నేను మాట్లాడను హాజ్జా."

"ఇప్పుడు మాట్లాడిందేమిటి మరి, దగ్గా?"

హాజ్జా ఇద్దర్నీ చేప తోముతున్నప్పుడు పొలుసుని చూసినట్టు చూసింది. ఆమె ఎవరిచేత చేయిస్తే అన్‌ఫూషీలో మిగతా హోటళ్లన్నీ వాళ్లచేతే చేయిస్తాయని ఇద్దరికీ తెలుసు. ఓడితే, ఎదురు కొట్టు ముందు బారులు తీరిన బళ్లని చూస్తూ ఈగలు తోలుకోవాలి. గునైమ్‌కి ఓటమి కన్నా, సర్వత్ చేతిలో ఓటమి ఎక్కువ ఖరీదు.

గునైమ్ వాటాకి వచ్చిన బండి దిస్సూకీ అనేవాడిది. బద్ధకానికి చొక్కా తొడిగి హెల్మెట్ పెట్టినట్టుంటాడు. వయసు నలభై దాటింది, ఏ పనిలోనూ ఆర్నెల్లు నిలవలేదు. బండి తెచ్చి నిలబెట్టి, తను స్టూలు మీద కూలబడ్డాడు.

గునైమ్ రెండు రంధ్రాల సాకెట్ తీసి హ్యాండిల్‌కి బిగించాడు. తీగని ట్యాంకు కిందుగా పోనిచ్చి, సీటు లేపి, తిన్నగా బ్యాటరీకి కలిపాడు. ఎరుపు ఎరుపుకి, నలుపు నలుపుకి, మధ్యలో ఒక ఫ్యూజు. ఇంతకన్నా మంచి పద్ధతి ఉంది. బండి తాళం తిప్పితేనే కరెంటు వచ్చేట్టు, తీస్తే ఆగేట్టు వెయ్యొచ్చు. కాకపోతే ముందు హెడ్‌లైటు డోమ్ విప్పాలి, తీగ వెతకాలి, టంకం పెట్టాలి. ఇంకో పావుగంట. ఇరవై ఎనిమిది పావుగంటలంటే ఒక రోజు. గునైమ్ స్టూలు మీద ఆవలిస్తున్న మనిషిని చూశాడు. గాడిదకేం తెలుసు గంధం వాసన! సీటు మూసేశాడు.

"తాళంతో పనిలేదా ఉస్తా?" అన్నాడు దిస్సూకీ.

"తాళం బుర్ర ఉన్నవాడికిరా. నువ్వు ఫోను గుచ్చు, అది నిండుతుంది. అంతకన్నా తెలుసుకుంటే నీకు తలనొప్పి."

అవతల సర్వత్ ఫోన్లో ఏదో పరదేశం వీడియో పెట్టుకుని, డోమ్ విప్పి, కాగితం మీద బొమ్మ గీసుకుని, హెడ్‌లైటు తీగకి కలిపాడు. లైటు వేస్తే చార్జింగ్, ఆపితే లేదు. అక్కడి దేశాల్లో బండి కదిలితే పగలైనా లైటు వెలుగుతుందట! గునైమ్ అది చూసి, కొట్టు వెనక్కి వెళ్లి, కడుపు పట్టుకుని నవ్వి, మొహం కడుక్కుని వచ్చాడు. ఇరవై ఎనిమిది బళ్లూ తన ఖాతాలో పడ్డట్టే.

మర్నాడు ఆరింటికి హోటలు వెనక వాకిట్లో అందరూ చేరారు. ముందు సర్వత్ బిగించిన బండి తోలిన వహ్‌దాన్ వచ్చాడు. బండి నిక్షేపంగా ఉంది. ఫోను మాత్రం నాలుగింటికే చచ్చింది, దాంతో పాటు రెండు ఆర్డర్లు కూడా.

"లైటు వేసుకోమన్నానుగా!" అన్నాడు సర్వత్.

"వేశాను ఇంజనీరు గారూ! సముద్రం ఒడ్డున కార్నీష్ రోడ్డు ఎక్కేసరికి పదకొండుమంది ఇలా అన్నారు" అంటూ వహ్‌దాన్ వేళ్లు మూసి తెరిచి చూపించాడు. "లైటు వెలుగుతోంది, లైటు వెలుగుతోంది అని. ట్రాము కిటికీలోంచి ఒక ముసలాయన అరిచాడు. పోలీసాయన బండి ఆపి మరీ చెప్పాడు. బల్బు మాడిపోతుందిరా, మీ బాబు సొమ్మా అన్నాడు. ఎంతమందికని చెప్పను? ఆపేశాను."

"చార్జింగ్ కోసమని చెప్పొచ్చుగా!"

"చెప్పాను. లైటుతో చార్జింగేమిట్రా అని నవ్వారు. చిన్నపిల్లలు వెంటపడ్డారు."

గునైమ్ మీసం దువ్వుకున్నాడు. ఆ సమయానికే దిస్సూకీ వచ్చాడు, బండి మీద కాదు, బండి పక్కన. మన్‌షియ్యా నుంచి తోసుకుంటూ వచ్చాడు. ఫోను నూటికి నూరు నిండి ఉంది. బ్యాటరీ పీనుగ. కిక్ రాడ్డు విరిగి ఏడాదైంది.

"ఏం చేశావురా?" అన్నాడు గునైమ్.

"నువ్వు చెప్పిందే ఉస్తా. గుచ్చాను, నిండింది. కాఫీ హోటలు వాడి ఫోనూ గుచ్చాను. వాడి బావమరిదిదీ. డొమినో ఆడేవాళ్లు నలుగురు అడిగారు, కాదంటే బాగుండదు. అందరూ టీ పోయించారు, మంచివాళ్లు."

"ఇంజను ఆపేసి?"

"టీ తాగుతూ ఇంజనెందుకు? పెట్రోలు హాజ్జాది కదా, పొదుపు చేశాను."

"వీడు దొంగ హాజ్జా!" అన్నాడు గునైమ్. "పని నాది బాగానే ఉంది, మనిషే బాగాలేడు."

"నా పనిలోనూ లోపం లేదు. మీ కుర్రాడికి క్రమశిక్షణ లేదు" అన్నాడు సర్వత్.

హాజ్జా చేతులు తుడుచుకుంది. "ఒకడి ఫోను చచ్చింది, ఒకడి బండి చచ్చింది. ఇద్దరూ చెప్పేదొక్కటే, నా మనుషులు పనికిరారని. వాళ్ల సంగతి నాకు తెలీదా? రోజూ అన్నం పెడుతున్నాను. ఈ వెధవలకి సరిపడే సాకెట్ అడిగాను గానీ, దేవదూతలకి సరిపడేది అడిగానా?"

"హారన్ తీగకి కలిపితే సరి" అన్నాడు దిస్సూకీ, బండికి ఆనుకుని.

అందరూ అటు తిరిగారు.

"హారన్‌కి రెండు తీగలొస్తాయి హాజ్జా. ఒకదాంట్లో, తాళం తిప్పి ఉన్నంతసేపూ కరెంటుంటుంది. బటన్ నొక్కక్కర్లేదు. తాళం తీస్తే ఆగిపోతుంది. లైటు వెయ్యకుండా తిరిగేవాడున్నాడు గానీ, ఈ ఊళ్లో హారన్ లేకుండా తిరిగేవాడున్నాడా? అది పాడైతే అరగంటలో బాగుచేయించుకుంటాడు. నా సొంత బండికి రెండేళ్లుగా అలాగే ఉంది."

"మరి నిన్న చెప్పలేదేంరా?" అన్నాడు గునైమ్.

"తాళం మాట ఎత్తాను. తలనొప్పి వస్తుందన్నావు."

"అది నాకు తెలియని విద్యేం కాదు హాజ్జా" అన్నాడు గునైమ్. "ఇరవై ఏళ్లుగా తెలుసు."

"తెలిసీ చెయ్యలేదా?" అంది హాజ్జా. "అయితే ఇంజనీరే నయం. అతనికి తెలియదు."

గునైమ్ తల వంచాడు. ఇరవై రెండేళ్లలో ఇది రెండోసారి. మొదటిసారి పెళ్లిలో.

హాజ్జా తీర్పు చెప్పేసింది. బిగించేది దిస్సూకీ. టీలు తాగిన పాపానికి నెల్లాళ్లు అతనికి ఆర్డర్లు లేవు, వాకిట్లో ఇదే పని. సాకెట్లు, తీగలు ఇచ్చి, అతను అడిగింది అందించే మనిషి ఒకడు కావాలి. ఎవరు?

"డెలివరీవాడికి పనిముట్లు అందించడానికి నేను ఇంజనీరింగ్ చదవలేదు" అని సర్వత్ వెళ్లిపోయాడు. చదువువల్ల నష్టమేమిటో గునైమ్‌కి అప్పుడు స్పష్టంగా కనిపించింది. గౌరవం అనే సరుకు కొనేవాడు లేని రోజు దాన్ని బయటపెట్టకూడదు, లోపల దాచుకోవాలి. బేరం దాటిపోయాక ఏడిస్తే లాభం లేదు.

"నేనిస్తాను హాజ్జా" అన్నాడు.

నవంబరు అయిదున పని మొదలైంది. గునైమ్ సంచీ విప్పి, వాకిట్లో గోనెపట్టా మీద కూర్చున్నాడు. దిస్సూకీకి మహా దర్జా వచ్చేసింది.

"ఉస్తా, ఆ కటింగ్ ప్లయరు ఇలా పారెయ్. అది కాదు, చిన్నది. ఇన్నేళ్లు చేశావు, ఏది ఏదో తెలీదా?"

గునైమ్ చిన్నది ఇచ్చాడు. ఇస్తూ అతని వేళ్లకేసి చూశాడు. దిస్సూకీ హారన్ తీగ తొక్క గీకి, సాకెట్ తీగని దానికి మెలిపెట్టి, పైన ఒక చుట్టు టేపు వేసి వదిలేశాడు. టంకం లేదు, రబ్బరు గొట్టం లేదు. ముందు చక్రం చిమ్మే నీళ్లు సరిగ్గా అక్కడే కొడతాయి. మొదటి బండి అయింది, రెండోది అయింది, మూడోదీ అంతే.

గునైమ్ నాలుక చివరిదాకా వచ్చిన మాటని లెక్క చూసుకున్నాడు. చెబితే దిస్సూకీ నేర్చుకుంటాడు. నేర్చుకున్న దిస్సూకీ లబ్బాన్ వీధిలో మూడో కొట్టు పెడతాడు. చెప్పకపోతే? పేరు ఎవరిది పాడవుతుందన్నదే ప్రశ్న. లేచి వంటింటి గుమ్మం దగ్గరికి వెళ్లాడు.

"హాజ్జా, ఒక్క మాట కుర్రాళ్లందరి ముందూ చెప్పెయ్యండి. సాకెట్లు నావి, బిగింపు మాత్రం దిస్సూకీది. పాపం కష్టపడుతున్నాడు. పేరు అతనికే రానివ్వండి."

హాజ్జా ఆశ్చర్యపోయింది. "నీలో ఇంత మంచితనం ఉందనుకోలేదు గునైమ్" అని బయటికొచ్చి, అందరికీ వినపడేట్టు చెప్పింది. దిస్సూకీ ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

గునైమ్ తిరిగొచ్చి గోనెపట్టా మీద కూర్చున్నాడు. సముద్రం మీద పడమటి గాలి అప్పుడే తిరుగుతోంది. జాలర్లు చీపురు తుఫాను అని పిలిచేది, వానతో వీధులన్నీ ఊడ్చిపెట్టేది, ఏటా నవంబరు పదహారు దరిదాపుల్లో వచ్చి తీరుతుంది. ఇంకా పదకొండు రోజులున్నాయి.

"ప్లయరు, ఉస్తా!" అని అరిచాడు దిస్సూకీ.

"ఇదిగో బాబూ" అని గునైమ్ వినయంగా అందించాడు.