నెట్ బాబాయికి ఫోన్ రాని రోజు

మా మరిది ఒక సరుకు రవాణా కంపెనీలో నెట్‌వర్క్ చూసుకుంటాడు. నెట్ గోదాములో ఆగినా, కౌంటర్లో ఆగినా ముందు మోగేది అతని ఫోనే. అక్కడ అందరికీ అతను నెట్ బాబాయ్. పెళ్లి కాకుండానే ఇంతమందికి బాబాయ్ అయిన ఘనత మా వంశంలో అతనొక్కడిదే.

ఆదివారం మా ఇంటికి భోజనానికి వచ్చి, కంచం పక్కనే ల్యాప్‌టాప్ తెరిచాడు. అది చూడగానే మా వారు చెయ్యి కడుక్కుని వార్తల్లో మునిగిపోయారు. మిగిలిన శ్రోతను నేనే.

"నెట్‌వర్క్‌ని కనిపెట్టుకునుండే సాఫ్ట్‌వేర్ కొంటున్నారు వదినా. ఈ రెంటిలో ఏదో శుక్రవారంలోగా తేల్చమన్నాడు మేనేజరు."

"తేడా ఏంటి?"

"మొదటిది, ఎక్కడ నెట్ డబ్బా మొరాయించినా వెంటనే నాకు చెప్పేస్తుంది. కుర్చీలోంచి లేవకుండా సరిచేసెయ్యొచ్చు. రెండోది కాస్త నిదానం. అది చెప్పేలోపు జనమే ఫోన్ చేసేస్తారు."

"మరి ఇందులో తేల్చేదేముంది? చూసి చూసి కుంటి గుర్రాన్ని కొంటారా?"

అతను నీళ్లు తాగాడు. గ్లాసు ఖాళీ అయ్యాక కూడా ఇంకోసారి తాగాడు.

"రెండోదాంట్లో రంగులు బాగుంటాయి వదినా."

నలభై దాటిన మనిషి రంగులు చూసి సాఫ్ట్‌వేర్ కొంటానంటే నమ్మేంత అమాయకురాలిని కాను. ఆ మాట అనేలోపు అతని ఫోను మోగింది. గోదాము ఇన్‌చార్జి. ఆవిడ ఇతన్ని బాబాయ్ అంటుంది, ఇతను ఆవిడని అక్కా అంటాడు. ఆ వరసలేమిటో ఆ ఆఫీసుకే తెలియాలి.

"బాబాయ్, చచ్చింది నీ నెట్టు! ఎక్కడ తగలడ్డావ్, పెళ్లిచూపులకా?" ఆ గొంతుకి ఫోను అవసరం లేదు.

"ఆ, పిల్ల నిన్ను చూసి పారిపోయిందక్కా. ముందు ఆ మూలనున్న డబ్బా ప్లగ్గు పీకి పెట్టు."

"పెట్టా... ఆ, వెలిగింది. బండ్లన్నీ ఆగిపోయి డ్రైవర్లు నా ప్రాణం తోడేస్తున్నారు. తిన్నావా?"

"తింటున్నా."

"ల్యాప్‌టాప్ కాదు, అన్నం తిను!"

ఆవిడ పెట్టేసింది. అతని మొహం మీద నవ్వు మాత్రం ఇంకా లేచి వెళ్లలేదు. అప్పుడర్థమైంది నాకు. నెట్ పోకపోతే, గదిలో ఒంటరిగా ఉండే ఇతనికి ఫోన్ చేసి తిన్నావా అని అడిగేదెవరు?

కూర గిన్నె అతని వైపు జరిపి, "రెండోది కొంటే ఆవిడ బండ్లు ఇలా ఆగుతూనే ఉంటాయేమో," అన్నాను. అన్నాక నా నోరు నాకే చేదనిపించింది.

"తెలుసు వదినా," అని ల్యాప్‌టాప్ మూసేశాడు.

మొదటిదే కొన్నారు. ఆ తర్వాత ఒక మధ్యాహ్నం నేను బట్టలు మడతపెడుతుంటే ఫోన్ చేశాడు. పనివేళలో అతను నాకు ఫోన్ చెయ్యడం అదే మొదలు.

"ఇవాళ గోదాములో నెట్ పోయింది వదినా. ఎవరూ గమనించకముందే సరిచేసేశా."

"మంచిదేగా."

"అక్కకి ఫోన్ చేసి చెప్పా. 'పోయిందా? మాకు తెలీనే లేదే' అంది. 'ఇంకేమైనా పనుందా బాబాయ్' అనడిగింది. లేదన్నా. పెట్టేసింది."

ఓదార్చడం నాకు చేతకాదు. మొదలుపెడితే చివరికి అవతలివాళ్లే నన్ను ఓదార్చాల్సి వస్తుంది.

"అది సరే, డబ్బా చచ్చిందో బతికిందో ఆ సాఫ్ట్‌వేర్‌కి ఎలా తెలుస్తుందయ్యా?" అన్నాను.

"కాసేపటికోసారి ఒక్కోదాన్నీ 'ఉన్నావా' అని అడుగుతుంది వదినా. 'ఉన్నా' అని జవాబొస్తే సరి."

"అంతేనా? ఇంకేం మాట్లాడుకోవా?"

"ఇంకేం మాట్లాడుకోవు. నీకు పనుందేమో..."

"పనా? నాకా? మొదట్నుంచీ చెప్పు."

ఫోను స్పీకర్లో పెట్టాను. అతను నిజంగానే మొదట్నుంచీ చెప్పడం మొదలుపెట్టాడు. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. అతను ఊపిరి పీల్చుకున్నప్పుడల్లా ఊ కొడుతూ, బట్టలన్నీ అయిపోయాక, మడతపెట్టిన దుప్పటి విప్పి మళ్లీ అంచులు కలపసాగాను.