ఎలుగు కాపలా

లావణ్యకి ఆ ఒక్క రోజు దొరకడానికి నెల పట్టింది. కాశీబుగ్గలో జీడిపప్పు వ్యాపారం చేసే పెద్దింటి కోడలు ఒంటరిగా గుమ్మం దాటితే పరువు గంగలో కలుస్తుందని అత్తగారు సింహాచలమ్మ నమ్మకం. ఆవిడ మాటకి ఆ ఇంట్లో ఎదురు లేదు. మొగుడు నాగరాజు సంగతా? అమ్మ కొంగు వెనకాల నక్కిన మహావీరుడు. చివరికి ఆవిడే, "దీపాల ఏలకి ఇంట్లో ఉండాల. దాటేవంటే మరి పుట్టింటికి కూడా పంపను," అని ఒదిలింది.

ఇంతకీ వెళ్ళిందెక్కడికయ్యా అంటే, జలంత్రకోట దగ్గర తోటల్లో ఉన్న పాత శిబిరానికి. చదువుకునే రోజుల్లో బడివాళ్ళు ఏటా ఆడపిల్లల్ని తీసుకొచ్చి పది రోజులు ఇక్కడ ఉంచేవారు. రోజా, ధరణి, లావణ్య, ముగ్గురూ ఒకే చాప మీద. పనసకాయ కూర, బావి దగ్గర చన్నీళ్ళు, రాత్రంతా సముద్రం హోరు, దుప్పట్లో నోరు మూసుకుని నవ్వులు. అప్పటి వంటమనిషి బొడ్డమ్మ ఇప్పటికీ ఇక్కడే ఉంటోంది. స్నేహితురాళ్ళు ముగ్గురూ పొద్దున్నే వచ్చి, ఆవిడ చేతి ముద్దలు తిని, చిన్నపిల్లలైపోయారు.

మధ్యాహ్నం తిరిగాక బొడ్డమ్మ గాభరాగా వచ్చి తలుపు గడియ పెట్టేసింది. "ఎలుగొచ్చింది. ఎవులూ బయటికెల్లకండి."

వాకిట్లో రాలిన జీడిమామిడి పళ్ళ వాసనకి వచ్చిందా ఎలుగుబంటి. మెట్ల ముందే చతికిలబడి, పెళ్ళి పంక్తిలో పెద్దమనిషిలా తీరుబడిగా తింటోంది. కంచాలు వాయించారు. ఓసారి తలెత్తి చూసి మళ్ళీ తిండిలో పడింది.

"మనం ఏడో తరగతిలో ఉన్నప్పుడూ ఇలాగే వచ్చింది, గుర్తుందా? టీచరమ్మ మంచం కింద దూరిపోనాది," అని రోజా, ధరణి పడీపడీ నవ్వుకున్నారు. లావణ్య మాత్రం కిటికీ ఊచలు పట్టుకుని పొద్దు వాలడం చూస్తోంది. ఇక్కడ ఎలుగు, అక్కడ అత్త. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటే ఇదే కాబోలు.

"ఏటే, నవ్వవేటి?" అంది రోజా.

"నువ్వు నవ్వుతావే. మీ ఇంట్లో నిన్నెవులడుగుతారు? ఈ పూట ఎల్లకపోతే మా అమ్మ మొహం కూడా నాకు సూపించరు."

భయపడుతూనే ఫోన్ చేసి ఉన్నమాట చెప్పింది. తిట్లు మొదలవుతాయని కళ్ళు గట్టిగా మూసుకుంది.

"బుద్ధుందేటి నీకు, బయటికెల్లకు," అంది సింహాచలమ్మ. "ఎలుగు ముందు మొహమే పీకుతాది. వచ్చే నెల మీ ఆడబిడ్డ పెళ్ళిలో ఆ మొహమేసుకుని పందిట్లో ఎలాగ నిలబడతావు? అది కదలకపోతే రాత్రికి అక్కడే తొంగో, పొద్దున్న కారు పంపుతాను. అది పోతే మటుకు నిమిషం ఆగకుండా బండెక్కు."

లావణ్య ఫోన్ పెట్టేసింది. రాత్రికి ఇక్కడే. పెళ్ళయ్యాక ఇంత సంతోషం ఆమెకి ఎప్పుడూ కలగలేదు. చాప తెచ్చి పరిచేసి, టీచరమ్మ మంచం కింద ఎలా దూరిందో తానే చేసి చూపించింది.

ఆ సంబరం ఎంతోసేపు సాగలేదు. ఎలుగు కడుపు నిండా తిని, ఒళ్ళు దులుపుకుని, తన దారిన తోటలోకి పోయింది. బొడ్డమ్మ గడియ తీసింది. రోజా, ధరణి చెప్పులు వెతుక్కుంటున్నారు. లావణ్యకి ఏడుపొచ్చింది. ఎలుగు పోయిందని ఏడ్చిన మనిషి ఉద్దానం ప్రాంతం మొత్తం మీద ఈవిడొక్కతే అయ్యుంటుంది.

అంతలో ఫోన్ మోగింది. అత్తగారు.

"ఏటి, పోనాదా?"

ఎదురుగా వాకిలి ఖాళీగా ఉంది. బొడ్డమ్మ అప్పుడే చీపురు పట్టుకుని, ఎలుగు కొరికి పారేసిన పళ్ళు ఊడుస్తోంది. రోజా రోడ్డు మీదికెళ్ళి ఆటోని పిలుస్తోంది.

"నేదత్తా," అంది లావణ్య. "గుమ్మంలోనే కూకుంది."

బొడ్డమ్మ ఊడవడం ఆపి ఆమెకేసి చూసింది. చీపురు గోడకి ఆనించి, రాత్రికి ఎసరు పెట్టడానికి లోపలికెళ్ళింది.