అక్క చెప్పమన్న మాట

డాక్టరమ్మకి తెలుగు రాదు. అక్కకి ఇంగ్లీషు అంతంతమాత్రం. ఇద్దరి మధ్యా స్టూలు మీద నేను.

"నేను నాలుగు ముక్కలంటే నువ్వు అంతసేపు చెప్పావేం?" అంది అక్క.

"వివరంగా చెప్పాను."

"నాకు లేని వివరం నీకెక్కడిదే?"

అక్కకి పక్షవాతం వచ్చి అయిదు నెలలైంది. కుడి కాలూ చెయ్యీ ఈపాటికి కొంతైనా స్వాధీనంలోకి రావాలి, ఎందుకు రాలేదని డాక్టరమ్మ ప్రశ్న. వార్డులో చేర్చుకుని నడక నేర్పించాలా, ఇంట్లో నా దగ్గరే ఉంచాలా అన్నది ఇవాళ తేలాలి.

అక్క నన్ను చూడకుండా డాక్టరమ్మతోనే మాట్లాడింది.

"ఇది తను లేకపోతే గడవనిదాన్ని చేసి పెట్టుకుంది నన్ను. లేవబోతే పట్టుకుంటుంది. చెంచా అందుకోబోతే లాక్కుంటుంది. చేతికర్ర తీసుకెళ్ళి బీరువా మీద పెట్టింది." అప్పుడు నా వైపు తిరిగింది. "ఉన్నదున్నట్టు చెప్పు."

కర్ర ఎక్కడుందో తనకి తెలుసని నాకు తెలియదు. పడిపోతుందన్న భయంతోనే అక్కడ పెట్టానని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. అక్క తనంతట తను నడిస్తే ఆ ఇంట్లో నాకేం పని అన్న ఆలోచన ఆ భయం వెనకాలే నక్కి ఉండేది.

ఇంగ్లీషు మాట కోసం వెతికాను. గారాబం అనిపించేది ఒకటి తట్టింది. అదంటే నేను మంచిదాన్నైపోతాను. సేవ అనిపించేది మరీ తియ్యగా ఉంది. చివరికి "షీ ఈజ్ డిపెండెంట్ ఆన్ మీ" అన్నాను. డాక్టరమ్మ జాలిగా తలూపింది, నన్ను చూసి.

"డిపెండెంటా?" అంది అక్క. "పాతికేళ్ళు ఆఫీసులో ఫారాలు నింపానే. నా ఫారంలో నీ పేరు పక్కన రాసిందీ ఆ మాటే. ఇప్పుడు నువ్వన్నది నా సంగతి. నేను చెప్పమన్నది నీ సంగతి."

"ఒక్క మాటలో రావడం లేదక్కా."

"నాలుగు మాటల్లో చెప్పు. ఇందాక బాగానే వచ్చాయిగా."

"ఐ మేడ్ హర్ నీడ్ మీ," అన్నాను. కర్ర దాచింది నేనేనని కూడా చెప్పాను.

డాక్టరమ్మ రాయడం ఆపింది. నన్ను కాసేపు చూసి వేరే కాగితం తీసుకుంది. వార్డులో ఆరు వారాలు. ఇంటివాళ్ళు ఆదివారం మాత్రమే రావాలి. ఏమీ కలపకుండా, ఏమీ తియ్యకుండా అక్కకి చెప్పాను.

అక్క నమ్మలేదు. ఆరు వారాలేనా అన్నట్టు ఎడమచేతి అయిదు వేళ్ళూ డాక్టరమ్మకి చూపించింది. తరవాత ఒళ్ళో పడి ఉన్న కుడిచేతి వైపు చూసుకుని దాని బొటనవేలు లేపడం మొదలుపెట్టింది. వేలు వణికింది, వాలింది, మళ్ళీ కదిలింది. డాక్టరమ్మ తొందరపెట్టలేదు.

ఆ వేలి వైపు నా చెయ్యి అప్పటికే సగం దూరం వెళ్ళింది.