పరీక్ష అందరికీ చెయ్యాలి

తడిసిన దుప్పట్ల మూట ఎత్తబోతే, పనిలో అందరూ వదిన అని పిలిచే ఆవిడ మణికట్టు పటుక్కున విరిగింది. జారలేదు, పడలేదు. పక్కనే ఉన్న పొడుగక్క ఆ చప్పుడు చెవులారా విన్నది.

"ఇంట్లో పడి వచ్చి ఇక్కడ నాటకాలా?" అన్నాడు కాంట్రాక్టరు.

అది పెద్దాసుపత్రి అడుగున ఉన్న లాండ్రీ. కిటికీల్లేవు. షిఫ్టు దిగేదాకా గేటు తాళం తియ్యరు. పొడుగక్క ఒకప్పుడు నిజంగానే పొడుగు. చాకిరీలో నడుం వంగి, మనిషి కుంగిపోయింది. పేరు మాత్రం మిగిలింది.

వదినకు కట్టు కట్టిన డాక్టరమ్మ చెప్పింది. "ముట్లుడిగాక ఎముకలు లోలోపలే గుల్లబారతాయి. విరిగేదాకా తెలీదు. పైన ఎముకల గట్టిదనం చూసే మెషీనుంది, దాని మీద కాసేపు పడుకుంటే చాలు, నొప్పుండదు. ముందే తెలిస్తే మందులున్నాయి. మీరంతా ఆ పరీక్ష చేయించుకోండి."

ఆ మెషీను మీద పరిచే దుప్పటి ఉతికేది వీళ్ళే. అది దేనికో ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదు.

కాంట్రాక్టరు నవ్వాడు. "చేయించుకోండి, వద్దన్నానా? గుల్ల అని తేలినవాళ్ళు మర్నాటి నుంచి రానక్కర్లేదు."

ఇస్త్రీ గదిలో అందరూ చేరారు. ఆవిరికి ఊపిరాడ్డం లేదు.

"తెలిస్తే పని పోతుంది, తెలియకపోతే చెయ్యి పోతుంది. ఎటు చావాలే?" అంది సబ్బుల పిన్ని.

"వయసు మీద పడితే నడుం నొప్పి రాదా? మా అమ్మకీ వచ్చింది," అంది ఇస్త్రీ చేసే ఆవిడ.

"మీ అమ్మ తుంటి విరిగి మంచంలోనే పోయింది కదే," అంది పొడుగక్క. "ఒక్కతి పరీక్షకు పోతే వాడు గెంటేస్తాడు. అందరం పోతే? ఈ రక్తపు దుప్పట్లు వాడొచ్చి ఉతుకుతాడా?"

మర్నాడు ఉతికిన దుప్పట్లు తీసుకెళ్ళడానికి గేటు తియ్యగానే, ఉతికే మెషీన్లు ఆపి అందరూ మెట్లెక్కారు. మెట్ల పైనున్న గేటు ధడాలున మూశారు. వెనకాలే కింది గేటుకూ తాళం పడింది. ఎటూ కదలడానికి లేదు. ఒకరి ఒళ్ళో ఒకరు అన్నట్టు అక్కడే కూలబడి అరిచారు. "పరీక్ష అందరికీ చెయ్యాలి! ఎవర్నీ తీసెయ్యకూడదు! మూటల బరువు తగ్గించాలి!"

మధ్యాహ్నానికి వార్డుల్లో దుప్పట్లు నిండుకున్నాయి. సూపరింటెండెంటు పోలీసుల్ని వెంటేసుకొచ్చి, చువ్వల్లోంచి పొడుగక్కతో మెల్లగా అన్నాడు. "నీకొక్కదానికి ఇప్పుడే చేయిస్తానమ్మా. వీళ్ళని పనికి పొమ్మను."

పొడుగక్క వీపు సలుపుతోంది. తన ఎముకల్లో ఏముందో తెలుసుకోవాలని ప్రాణం కొట్టుకులాడింది. గేటు దాటితే ఆ మెషీను గదే.

"నాకొక్కదానికైతే వద్దు సారూ."

పోలీసులు ఆమెను బయటికి లాగి, గేటుకు మళ్ళీ తాళం వేశారు. "మెల్లగా పట్టుకోండయ్యా, ఏ ఎముక విరిగినా మీదే పూచీ!" అని వదిన అరిచింది. వ్యానెక్కేటప్పటికీ తనవి గుల్లో గట్టో పొడుగక్కకు తెలీదు.

సాయంత్రం వార్డులు ఊడ్చే ఆడవాళ్ళు చీపుళ్ళు పడేసి వచ్చి, గేటుకు అవతలి పక్కన బైఠాయించారు.

"మాకూ చెయ్యాలి," అన్నారు.